ఆరు గేర్లు చాలని లారీ

రేవుపేట,
8 ఫిబ్రవరి 1998

బావమరిది యువరాజుకి,

లారీ తప్ప మేమందరం బాగున్నాం. టాటానగర్‌లో చలి తగ్గిందని నీ కార్డులో చూశాం. ఇక్కడ జీడిమామిడి పూత బాగా పట్టింది, కాశీబుగ్గ దాటగానే ఆ వాసనే. నీకు పంపాలని మీ అక్క బుచ్చమ్మ ఎండురొయ్యలు ఆరబెట్టింది. సగం కాకులు తిన్నాయి, సగం నేను తిన్నాను. మళ్ళీ ఆరబెడుతోంది.

ఇక అసలు సంగతి. దీపావళి ముందు లారీకి పాత ఇంజను తీయించి టర్బో ఇంజను వేయించానని రాశాను కదా. పాతది నూట పది హార్సు పవరు, ఇది నూట అరవై. కాశీబుగ్గ కన్నయ్య మేస్త్రి బిగించాడు. మొదటి రోజు హైవే మీద విశాఖపట్నం బస్సుని దాటేశాను. ఆ సంబరం నెల రోజులు కూడా నిలవలేదు. అప్పటి నుంచి క్లచ్ ప్లేటు మూడుసార్లు కాలిపోయింది. "పవరు పెరిగింది బావా, గేరు బాక్సు మార్సాల" అంటాడు కన్నయ్య. ఏ బాక్సురా అంటే "పెద్దది" అంటాడు. ఎంత పెద్దది అంటే చేతులు చాపి చూపిస్తాడు.

పదేళ్ళుగా నువ్వు అక్కడ గేరు బాక్సులు విప్పి బిగించే పనే చేస్తున్నావు. ఏది వేయాలో రాయి, అక్కడి నుంచే రైల్లో పంపు. ఆలస్యం చేయకు. ఆగస్టు వస్తే పోలారావు వస్తాడు. మన పేటల్లో మగాళ్ళని వీరావల్ బోట్లకి కుదిర్చి తీసుకుపోయే ఏజెంటు, మరిచిపోయావేమో. ఎనిమిది సీజన్లు గుజరాత్ సముద్రంలో ఎవరిదో బోటు మీద వల లాగాను. మా అయ్య పోయినప్పుడు అక్కడే ఉన్నాను, పెద్దదినానికి కూడా అందుకోలేకపోయాను. ఇక పోనని బుచ్చమ్మ నెత్తిన చెయ్యిపెట్టి చెప్పి ఈ లారీ కొన్నాను. లారీ నిలబడితే నేను ఇంట్లో నిలబడతాను. నెలలో పది రోజులు షెడ్డులో పడుకుంటే మాత్రం పోలారావు వెనకాల రైలెక్కక తప్పదు. ఈ మాట నీకు రాశాను గానీ మీ అక్కకి చెప్పలేదు.

మీ బావ
బైరాగి


టాటానగర్,
17 ఫిబ్రవరి 1998

బావా,

నీ ఉత్తరం మా ఓనరు సర్దార్జీకి హిందీలో చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి తల పట్టుకున్నాడు. నేను కూడా పట్టుకున్నాను.

లారీలో ఇంజను ఒక్కటే లారీ కాదు. ఆ బలం ముందు క్లచ్ ప్లేటు మీదకి వస్తుంది, తర్వాత గేరు బాక్సు, తర్వాత కింద తిరిగే రాడ్డు, చివరికి వెనక ఇరుసులో ఉండే క్రౌను. ఈ నాలుగూ నూట పదికి చేసినవి. నువ్వు ఇంజను మార్చి మిగతా వాటికి కబురైనా పెట్టలేదు. అందులో అన్నిటికంటే మెత్తనిది ప్లేటు, అదే ముందు కాలింది.

నాకు మూడు సంగతులు కావాలి. ప్లేటు అడ్డకొలత ఎన్ని అంగుళాలు? క్రౌనుకి ఎన్ని పళ్ళు, దాన్ని తిప్పే చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు? లారీ ఎన్ని టన్నులు మోస్తుంది, ఏ రోడ్ల మీద? అంతే. అవి తెలియకుండా బాక్సు పంపితే కాలి కొలత లేకుండా చెప్పులు కుట్టినట్టే అవుతుంది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేయకు. పోయినసారి మీటరు చూస్తూ మాట్లాడి, అక్కకి జ్వరమన్న మాట చెప్పకుండానే పెట్టేశావు. కాగితం మీద రాయి.

ఇంకో మాట. వీరావల్ ఊసు ఎత్తకు. నేను పంపే సామాను పదేళ్ళు తిరుగుతుంది.

యువరాజు


రేవుపేట,
3 మార్చి 1998

ఒరే యువరాజూ,

నీ ఉత్తరం చదువుతుంటే హెడ్మాస్టరు ముందు నిలబడినట్టుంది. సరే, జవాబులు రాస్తున్నాను.

ప్లేటు కొలిచాం, పన్నెండు అంగుళాలు. పళ్ళ సంగతి కన్నయ్యని అడిగాను. "ఉండాల్సినన్ని ఉన్నాయి" అన్నాడు. బరువు ఎనిమిది టన్నులు, చేప, మంచు కలిపి. వారానికి రెండుసార్లు హౌరా. చేప పడని రోజుల్లో జలంత్రకోటలో కొబ్బరికాయలు ఎత్తుకుని కటక్. రోడ్డంతా హైవేయే. ఇంటి దగ్గర మాత్రం కొంచెం ఇసక. పొద్దున్న పడవలు వచ్చేటప్పటికే లారీ ఒడ్డున ఉండాలి, లేకపోతే వంజరాలూ చందువలూ వేరే వ్యాపారులు పట్టుకుపోతారు. మనవాళ్ళు నన్ను కాదని ఇంకొకరికి ఇవ్వరు అనుకో. అయినా ఉండాలి.

మన కూర్మనాథం తాత కూడా తెప్ప అమ్మేసి ఫైబరు పడవ కొన్నాడు. ఇప్పటికి పేటలో పదకొండు ఫైబరు పడవలు, అన్నిటికీ ఇంజన్లే. పడవలు పెరిగాయి గానీ మనుషులే లేరు. సగం ఇళ్ళలో మగాళ్ళు గుజరాత్‌లో ఉన్నారు. మొన్న గంగమ్మకి మొక్కులైతే డప్పు కొట్టడానికి కూడా పక్క పేట నుంచి తెచ్చుకున్నాం.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అక్క ఏమందో తెలుసా? "ఓలమ్మ, ఆడు అక్కడ కూకొని ఇక్కడి పళ్ళు నెక్కెడతన్నాడేటి? సామాను పంపమంటే పరీచ్చ పెడతన్నాడు!" అంది. తొందరగా పంపు.

బైరాగి


టాటానగర్,
12 మార్చి 1998

బావా,

"ఉండాల్సినన్ని" అనేది అంకె కాదని కన్నయ్యకి చెప్పు. వెనక ఇరుసు మూత విప్పి, సుద్దముక్కతో ఒక పంటికి గుర్తుపెట్టి, చుట్టూ తిప్పి లెక్కపెట్టమను. నోట్లో పళ్ళు లెక్కపెట్టుకోవడం వస్తే ఇదీ వస్తుంది.

ఇసక అన్నావు, నాకు అర్థమైంది. ఇసకలో బండి కదలకపోతే నువ్వు క్లచ్ సగం నొక్కి ఇంజను అరిపిస్తావు. ఆ అలవాటు నీకు మోపెడ్ రోజుల నుంచీ ఉంది. అందుకే ప్లేటు కాలుతోంది. పద్నాలుగు అంగుళాల ప్లేటు, అది ఆనుకుని తిరిగే ఫ్లైవీలు, దాన్ని నొక్కిపట్టే ప్రెషరు ప్లేటు పార్శిల్ చేశాను. పలాస స్టేషన్లో విడిపించుకో. ఫ్లైవీలు పాతదే ఉంచి ప్లేటు ఒక్కటి కొత్తది వేయమని కన్నయ్య అంటాడు. వినకు.

సర్దార్జీ గేరు బాక్సు కూడా ఇప్పుడే మార్చమన్నాడు. కొన్నాళ్ళు చూద్దామని నేనే ఆపాను. ఆపడం తప్పో ఒప్పో నువ్వు పళ్ళ లెక్క పంపితే తెలుస్తుంది.

అక్కకి చెప్పు, పరీక్ష పెట్టింది నేనే, తప్పింది మీ ఆయనే అని.

యువరాజు


రేవుపేట,
20 ఏప్రిల్ 1998

యువరాజూ,

నీ ప్లేటు బంగారం. ఇరవై రెండు రోజులు పిసరంత పొగ లేదు, కంపు లేదు. కన్నయ్య కూడా ఒప్పుకున్నాడు. ఇరవై మూడో రోజు పొద్దున్న లారీ కింద ఠప్పుమని మోగింది. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు గంపలు వదిలేసి పరిగెత్తారు. గేరు విరిగింది.

నీ ప్లేటు రాకముందు గేరు ఎప్పుడూ విరగలేదు. నేను తప్పుపట్టడం లేదు, జరిగింది రాస్తున్నాను. మంచులో పెట్టిన చేప అంతా ఆ రోజు టెక్కలి నుంచి అద్దె లారీ వచ్చేసరికి మెత్తబడిపోయింది. హౌరాలో కొనేవాడు ఫోనులో బెంగాలీలో ఏమన్నాడో అర్థం కాలేదు గానీ పొగడలేదని మాత్రం తెలిసింది.

మీ అక్క రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. "ఆ పాత ఇంజనే బాగుండేది, నెమ్మదిగా ఎల్లీది, నెమ్మదిగా వొచ్చీది" అంటోంది. నిజమే అనిపిస్తోంది. కానీ పాత ఇంజను ఎవరో పట్టుకుపోయి పొలంలో నీళ్ళ మోటారుకి పెట్టుకున్నారు.

గేరు బాక్సు పంపు. ఈసారి పరీక్షలు వద్దు.

బైరాగి


టాటానగర్,
29 ఏప్రిల్ 1998

బావా,

నా ప్లేటు వచ్చాకే గేరు విరిగింది. అవును. పాత ప్లేటు జారిపోతూ గేరుని కాపాడింది. కొత్త ప్లేటు జారదు, అందుకని ఆ నూట అరవై హార్సు పవరూ నేరుగా వెళ్ళి గేరు పళ్ళ మీద పడింది. ఏదో ఒకటి లొంగాలి. ప్లేటు లొంగకపోతే దాని వెనకాల ఉన్నది లొంగుతుంది. ఇది ముందే రాయాల్సింది, రాయలేదు. ఆ తప్పు నాదే.

ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, ఇదే ఐదు గేర్ల బాక్సులో బలమైన రకం. మొదటి గేరు చాలా నెమ్మది, ఎంత బరువైనా కదిలిస్తుంది. హైవే మీద మాత్రం ఇంజను అరుస్తూనే ఉంటుంది, హౌరా చేరేసరికి గంటో గంటన్నరో ఆలస్యం. రెండోది ఆరు గేర్ల బాక్సు. ఆరో గేరులో ఇంజను హాయిగా తిరుగుతుంది, డీజిలు మిగులుతుంది, మంచు కరగకముందే చేరతావు. మొదటి గేరు అంత గట్టిది కాదు. నీది అంతా హైవే అన్నావు కాబట్టి నా ఓటు ఆరుకే. ఎంచుకోవాల్సింది నువ్వు. ఒక్క ముక్క మాత్రం రాయి: విరిగింది ఏ గేరు? మొదటిదా, రెండోదా, ఏది? ప్రతి ఉత్తరంలో నేను ఒకటి అడగడం, నువ్వు గంపలూ ఆడవాళ్ళూ అని రాయడం, ఇలా అయితే మన ఇద్దరికీ తల నెరుస్తుంది.

యువరాజు


రేవుపేట,
14 జూన్ 1998

యువరాజూ,

ఐదు కంటే ఆరు ఎక్కువే కదా, ఆరే పంపమని కార్డు రాశాను. మే నెలలో వచ్చింది. పలాస స్టేషన్లో దాన్ని ఎద్దుబండికి ఎక్కించడానికి నలుగురు పట్టారు. పేట అంతా చూడటానికి వచ్చింది. కూర్మనాథం తాత దానికి పసుపు రాసి, నిమ్మకాయ కట్టి, "ఇంతుంటాదేటి, మేకపోతంత!" అన్నాడు.

ఆరో గేరు సుఖం అంతా ఇంతా కాదురా. బరంపురం దాటాక నిద్రొస్తుందేమోనని భయమేసింది, అంత మెత్తగా పోయింది. నీకు మనసులో దండం పెట్టాను.

పదహారు రోజులు. పదిహేడో రోజు పొద్దున్న మళ్ళీ అదే ఠప్పు. కన్నయ్య విప్పి చూసి, "కొత్త బాక్సులో పాత సామాను ఎట్టేసినట్టున్నారు బావా" అన్నాడు. నేను నమ్మలేదు. కానీ అన్నాడు కాబట్టి రాస్తున్నాను. మీ సర్దార్జీ మంచివాడే కదా?

ఏ గేరు, ఏ గేరు అని అడుగుతున్నావు. గేరు విరిగితే లారీ ఆగింది. అది చాలదా? పోలారావు భావనపాడులో దిగాడని విన్నాను, అక్కడ పేర్లు రాస్తున్నాడట. మన పేటకి జూలై ఆఖరులో వస్తాడు. మీ అక్క కూడా ఈ మాట విన్నది. విని నా మొహం వైపు చూసింది.

బైరాగి


టాటానగర్,
24 జూన్ 1998

బావా,

పాత సామాను! సర్దార్జీ ఆ బాక్సుని నా ఎదురుగా విప్పి, ప్రతి చక్రం తుడిచి, నాతో బిగించాడు. ఆ చేతులు నావి. కన్నయ్య మాట నువ్వు నమ్మలేదు గానీ రాశావు. నమ్మనప్పుడు ఎందుకు రాశావు?

ఆ బాక్సు పదహారు టన్నులు లాగే లారీలకి వేస్తాం. నీ ఎనిమిది టన్నుల చేపకి పదహారు రోజుల్లో విరగడం జరగదు. జరిగింది అంటే నాకు తెలియనిదేదో అక్కడ జరుగుతోంది. విరిగిన ముక్కలన్నీ డబ్బాలో వేసి పంపు. ఒక్క ముక్క కూడా వదలకు, కడగకు. నీ మాటల్లో దొరకనిది నేను ఇనుములో వెతుక్కుంటాను.

యువరాజు


రేవుపేట,
5 జూలై 1998

యువరాజూ,

ముక్కలు పంపాను. జీడిపప్పు డబ్బాలో ఖాళీ మిగిలిందని మీ అక్క ఎండురొయ్యలు కూడా పెట్టింది. కాగితం అడ్డం పెట్టింది, కంగారుపడకు. అద్దె లారీతో రెండు ట్రిప్పులు వేశాను, గిట్టలేదు. లారీ పేట మొదట్లో నిలబడి ఉంది. దాని పక్క నుంచి నడవబుద్ధి కావడం లేదు, చుట్టు తిరిగి పోతున్నాను.

బైరాగి


టాటానగర్,
16 జూలై 1998

బావా,

డబ్బా అందింది. కాగితం ఆగలేదు, రొయ్యలకి గేరు ఆయిలు పట్టింది. అయినా వేయించుకుని తిన్నాను, అక్కకి చెప్పు.

ముక్కలు బల్ల మీద పరిచి సర్దార్జీ, నేను పొద్దున్నంతా కూర్చున్నాం. ముందుకు నడిపే చక్రాలన్నీ అద్దంలా ఉన్నాయి. మొదటి గేరు, రెండో గేరు, ఆరో గేరు, ఒక్క గీత లేదు. విరిగింది ఒక్కటే, రివర్సు గేరు. దాని పళ్ళు అరిగి, వంగి, మొదలంటా లేచిపోయాయి. ఏ బాక్సులోనైనా రివర్సు గేరు బలహీనమైనదే. లారీని షెడ్డులోంచి పది అడుగులు వెనక్కి తీయడానికి పెట్టేది అది. దాని మీద ఇంత బలం పడాలంటే పెద్ద బరువుతో, రోజూ, చాలాసేపు వెనక్కి పోవాలి. చేపలూ కొబ్బరికాయలూ ఎత్తే లారీ వెనక్కి ఎందుకు పోతుంది?

ఎక్కడ పోతుందో నాకు తెలుసు. టెక్కలి రాతి క్వారీల్లో పోతుంది. ముందుకు తిరగడానికి చోటు లేక, పది పన్నెండు టన్నుల రాయి పెట్టుకుని గోతిలోంచి వెనక్కి ఎక్కుతాయి లారీలు. ఇక్కడ అలాంటివి ఎన్నో విప్పాను. నువ్వు రాళ్ళు తోలుతున్నావు. మాకు మాత్రం చేప, మంచు, కొబ్బరికాయ అని రాస్తున్నావు. ఎంత మోస్తావు, ఏ రోడ్ల మీద అని మొదటి ఉత్తరంలోనే అడిగాను. అక్కకైనా నిజం చెప్పావా? నాకు అబద్ధం చెప్పి నా పేరు సర్దార్జీ దగ్గర పోగొట్టావు. ఇలా లారీని చంపుకుంటూ మమ్మల్ని తిప్పడం కంటే నువ్వు వీరావల్ పోవడమే నయం.

యువరాజు


రేవుపేట,
30 జూలై 1998

యువరాజుకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పోలారావు ఈ పొద్దున్న వచ్చాడు. నయమని నువ్వే రాశావు, సంతకం పెట్టేశాను. ఎల్లుండి, ఒకటో తారీకున, పలాసలో రైలు. తిరిగి రావడం ఏప్రిల్‌లో.

నేను రాయి మోయలేదు. మా అయ్య మీద ఒట్టు. టెక్కలి క్వారీ గేటు కూడా నేను చూడలేదు. వెనక్కి ఎందుకు పోతుందని అడిగావు కదా. పడవలు లాగడానికి. పొద్దున్న పదకొండు పడవలు వస్తాయి. ఇంజనూ వలలూ తడిసిన తాళ్ళూ అన్నీ కలిపితే ఒక్కొక్కటీ లారీలో సగం బరువు. వాటిని అలలోంచి గట్టుదాకా లాగాలి. నీ చిన్నప్పుడు ముప్పై మంది లాగేవాళ్ళు. ఇప్పుడు ఒడ్డున ముసలాళ్ళు, ఆడవాళ్ళు, నేను. అందుకని తాడు లారీకి కడతాం.

వెనక్కి ఎందుకంటావా? అది కూడా నేను చెప్పాలా? గంగమ్మకి వీపు పెట్టి తాడు లాగుతామా? నువ్వు లాగావా ఎప్పుడైనా? లారీకి కూడా మొహం ఉంది, కళ్ళున్నాయి, నిమ్మకాయ కట్టాం. మొదటి రోజు నేను తిప్పి నిలబెడితే కూర్మనాథం తాత కర్ర అడ్డం పెట్టి, "సముద్రంకేసి ఎనక సూపిత్తావేటిరా? ఇటు తిప్పు!" అన్నాడు. తిప్పాను. తాడు లారీ ముందు కొక్కేనికి కట్టి, రివర్సు వేసి లాగాం. అప్పటి నుంచి అంతే.

నువ్వు బరువెంత అన్నావు, ఎనిమిది టన్నులు అన్నాను. ఏ రోడ్డు అన్నావు, హైవే అన్నాను. పడవ లాగడం బరువు మోయడం అని నాకు తోచలేదురా. కిరాయి తీసుకునే పని కాదు అది. ఒడ్డున నిలబడ్డవాళ్ళు ఎవరైనా తాడు పట్టాల్సిందే కదా. లారీ నిలబడింది, పట్టింది. ఊపిరి పీలుస్తున్నానని ఉత్తరంలో రాస్తామా?

లారీ తాళం మీ అక్క దగ్గర ఉంది. ఆవిడకి ఇవాళ చెప్పాను. ఏమీ అనలేదు. నా పెట్టె సర్దింది.

బైరాగి


రేవుపేట,
27 ఆగస్టు 1998

వీరావల్‌లో ఉన్న బావకి,

నీ ఉత్తరం ఆరో తారీకున అందింది. షాపులో నిలబడే చదివాను. నేను పదిహేడేళ్ళు వచ్చేదాకా ఆ తాడు లాగాను బావా. సముద్రానికి మొహం పెట్టి, వెనక్కి అడుగులేస్తూ, అరిచేతులు ఊడిపోయేలా. ఆ సంగతి నాకు తట్టలేదు. రివర్సు గేరు చేతిలో పట్టుకుని టెక్కలి క్వారీ దాకా పోయాను గానీ మన ఇంటి ముందు ఒడ్డుకి రాలేకపోయాను. ఒకవేళ ఆగావేమోనని, పోవద్దని టెలిగ్రాం ఇచ్చాను. అక్క చేతిలో పడేసరికి నువ్వు వెళ్ళి వారం అయింది. నేను రాసిన ఆ ఆఖరి మాటకి నాకు సిగ్గుగా ఉంది. వేరే విధంగా ఎలా రాయాలో తెలియదు.

సర్దార్జీకి చెప్పి వచ్చేశాను. బలమైన ఐదు గేర్ల బాక్సు తెచ్చాను, ఆరుది వెనక్కి పంపేశాను. ఈ ఐదింటిది పక్కన మూత తీస్తే, ఇంజను బలాన్ని బయటకి తీసుకునే చిన్న గేరు బిగించుకోవచ్చు. దాన్నుంచి ఒక రాడ్డు ముందుకు తెచ్చి, బంపరు వెనక ఇనుప చుట్టు పెట్టాను, బావి గిలకలా. ఇప్పుడు లారీ గంగమ్మకి మొహం పెట్టి కదలకుండా నిలబడుతుంది. వెనక్కి పోనక్కర్లేదు. తాడు చుట్టుకుంటుంది, పడవ తనే నడిచి వస్తుంది. చుట్టులో కావాలనే మెత్తటి పిన్ను ఒకటి పెట్టాను. బరువు మరీ మించితే ముందు అది తెగుతుంది, గేరు బతుకుతుంది. కన్నయ్య నా పక్కనే ఉండి చేశాడు. క్రౌను పళ్ళు కూడా లెక్కపెట్టాం, నలభై ఒకటి. మనిషి మంచివాడే.

మొదటి రోజు కూర్మనాథం తాత చుట్టూ మూడుసార్లు తిరిగి, కర్రతో కొట్టి చూసి, "మొకం అటే ఉంది. సరే, కానియ్యి" అన్నాడు. పదకొండు పడవలూ ఎక్కాయి. తాళ్ళ మీద చెయ్యి వేయవద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. తెగితే మనిషిని కోసేస్తుంది. ఒక్కళ్ళు వినలేదు. యంత్రం లాగుతుంటే పక్కన ముసలాళ్ళు, ఆడవాళ్ళు వరసగా నిలబడి తాడు పట్టుకుని వెనక్కి అడుగులేస్తారు. చివరికి లారీ నుంచి పది బారల దూరంలో ఇంకో ఉత్తి తాడు పడవకి కట్టించాను. అది పట్టుకుని లాగుతున్నారు.

ఆ చుట్టుని నడిపే లీవరు అక్క పట్టుకుంటుంది. రెండు రోజుల్లో నేర్చుకుంది. చేప బేరం కూడా తనే చేస్తుంది, నీ కంటే గట్టిగా. లారీ నేను తోలుతున్నాను. వారానికి రెండు ట్రిప్పులు, గంట ఆలస్యం అయినా మంచు ఎక్కువ వేస్తున్నాం. నీ పేరు కొట్టేయమని పోలారావు మనిషిని అడిగాను. సీజను అయ్యేదాకా కుదరదన్నాడు. అందుకని ఏప్రిల్ దాకా నేను ఇక్కడే ఉంటాను. ఆ తర్వాత తాళం నీది.

వానలు బాగున్నాయి. పనస చెట్టు కొమ్మ విరిగి మీ వంటింటి మీద పడింది, పెంకులు మార్చాం. అందరూ బాగున్నారు.

యువరాజు


వీరావల్,
14 సెప్టెంబరు 1998

యువరాజూ,

నీ ఉత్తరం బోటు దిగగానే ఇచ్చారు. మనవాళ్ళు ఆరుగురం కూర్చుని చదువుకున్నాం. ఇనుప చుట్టు సంగతి రెండుసార్లు చదివించారు.

మెత్తటి పిన్ను అన్నావు. అలాంటివి ఎన్ని చేయించి దగ్గర పెట్టావు? తెగిన రోజు కాశీబుగ్గ పరిగెత్తుతావా? బాక్సులో ఆయిలు మొదటి వెయ్యి కిలోమీటర్లకి మార్చావా? చుట్టుకి ఉప్పునీళ్ళు తగులుతాయి, గ్రీజు ఎవరు పెడుతున్నారు? ఒక్కటీ రాయలేదు. పనస కొమ్మ గురించి మాత్రం రాశావు. అడిగినదానికి జవాబు రాయడం నేర్చుకో.

ఇక్కడ జెట్టీ సిమెంటుది. బోటు వచ్చి గోడకి ఆనుకుంటుంది, ఎవరూ లాగక్కర్లేదు. దిగిన మొదటి రోజు నేను తాడు అందుకుని వెనక్కి నాలుగు అడుగులు వేశాను, అలవాటు. బోటు నడిపే తండేలు నవ్వాడు.

కోపంతో రాలేదని నీకు రాద్దామనుకున్నాను. కోపంతోనే వచ్చాను. నువ్వు రాసిన మాట మీద కోపం, ఆరు నెలలు ఉత్తరాలు రాసి కూడా పొద్దున్న లారీ ఏం చేస్తుందో ఒక్క ముక్క రాయని నా మీద కోపం. నీ ఉత్తరం చింపేసి రెండు రోజులు ఆగి ఉంటే సరిపోయేది. పోలారావు కాగితం చాపాడు, నా చెయ్యి ఆగలేదు. పోనని ఒకరి నెత్తిన పెట్టిన చెయ్యి అది.

లీవరు మీ అక్క పడుతోందని రాశావు. బేరం చేస్తోందని రాశావు. నా పేరు ఎత్తిందో లేదో రాయలేదు. తనకి నేను వేసిన రెండు కార్డులకీ జవాబు లేదు. ఆయిలు సంగతి తర్వాత, ముందు ఇది రాయి: నా గురించి ఏమంటోంది? తిట్టిందా, ఏమని తిట్టింది, ఎవరెదురుగా తిట్టింది, అన్నీ రాయి. ఎంత గట్టి మాటైనా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి. ఏమీ అనలేదని మాత్రం రాయకు.

మీ బావ
బైరాగి